ఏడో పాదం దగ్గర

జూన్ అని గోడమీది క్యాలెండర్ అంటోంది.
అర్‌బ్రోత్ లైబ్రరీ మేడమీద హీటరు
టిక్కుటిక్కుమని ఇంకా నమ్మడం లేదు.
సముద్రం మీంచి పొగమంచు లేచొచ్చి
కిటికీ అద్దానికి మొహం ఆనించి చూస్తోంది,
చందా కట్టని మనిషిలా.

ఏడుగురం. ఎనిమిదో కుర్చీ నిండా తడి కోట్లు.
టీ ఫ్లాస్కు, అల్లం బిస్కెట్లు,
ఒకే పద్యం ఏడు జెరాక్సులు.
రాసినామె బతికే ఉంది, ఉత్తరాన ఏదో దీవిలో,
ఫెర్రీ మీద టిక్కెట్లు కోస్తుందట.
ఆ సంగతి విన్నాక కాగితం
ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను.

ఊళ్ళో మందుల షాపు నాది.
వీళ్ళ గుండెలు ఏ మాత్రతో కొట్టుకుంటాయో
ఎవరికి నిద్ర పట్టదో
నాకు తెలుసు, తెలుసని వాళ్ళకీ తెలుసు.
గురువారం సాయంత్రాలు ఆ ఊసు ఎవరమూ ఎత్తం.
ఇక్కడ నేను అనుమానాల మనిషిని,
"ఈ మాటకి అర్థమేంటి?" అని అడిగే మనిషిని.

లాక్లన్ ఒకప్పటి లెక్కల మాస్టారు.
ముందు పాదాలు లెక్కపెడతాడు. పదకొండు.
"సానెట్టుకి మూడు తక్కువ" అంటాడు
చిల్లర తక్కువిచ్చిన కొట్టువాణ్ణి చూసినట్టు.
ఆ మూడూ పడవతో పాటు పోయినవి, అంది దోరోతా.
ఎవరూ ఒప్పుకోలేదు.
ఆ తర్వాత ఎవరూ లెక్కపెట్టలేదు కూడా.

ఎఫీ చదువుతుంది. ఎనభై రెండేళ్ళ గొంతు.
ఇంగ్లీషనుకుని చెవి ఒగ్గుతానా,
అది ఇంగ్లీషుకి పక్కిల్లు.
గోడ ఒకటే, పొయ్యి వేరు.
చిన్నప్పుడు బళ్ళో, అవునన్న మాటని
ఇంట్లో అన్నట్టే అన్నందుకు
ఆమె అరచేతిలో తోలుపట్టీ పడిందట, రెండుసార్లు.
ఇప్పుడా మాటలకే జెరాక్సులు పంచుతున్నారని నవ్వి
అరచెయ్యి ఒకసారి తిప్పి చూసుకుంది.

సోంపేట బళ్ళో
"ఏటండీ" అన్నానని నాకు గోడకుర్చీ.
"ఏమిటండీ" అనేదాకా వదల్లేదు.
నోరు మారింది. పరీక్షలు పాసైంది.
మోకాళ్ళు మాత్రం ఇప్పటికీ
ఏటనే అంటాయి.

ఏడో పాదం దగ్గర ఆగాను.
"థోల్" అంటే?
భరించడం, అన్నాడు లాక్లన్.
కాదు, అంది ఎఫీ. భరించేది మూటని.
ఇది మూట కూడా లేనప్పుడు.

ఫిబ్రవరి నుంచి ఆమె సంచిలో
ఒక్కరి మందులే కడుతున్నాను.
టీ ఒంపుకుంటున్నట్టు తల దించుకున్నాను.

తర్వాత, ఏదో ఒకటి చెప్పాలి గనక,
మాకూ ఒక మాట ఉందన్నాను. తాళడం.
బాధకి, తాళలేను అంటాం.
తొందరకి, కాస్త తాళు అంటాం.
థోల్. తాళు. థోల్. తాళు.
బిస్కెట్ పొడి రాలుతున్న నోళ్ళతో
అందరూ తలా ఒకసారి కొరికి చూశారు.
లాక్లన్ ఫోన్లో నిఘంటువు తీసి
రెంటికీ ఏ చుట్టరికమూ లేదని తేల్చాడు.
పోనిద్దురూ.
ఒకే బస్టాపులో తడిసినవాళ్ళని
మీరేమవుతారని అడుగుతామా?

చివరి పాదానికి చుక్క లేదు.
అది మర్చిపోవడమా, మానెయ్యడమా
అన్నదాని మీద ముప్పావుగంట.
కాపలా అతను వచ్చి లైట్లు సగం ఆర్పాడు.

బయట రేవు వైపు నుంచి
పొగబెట్టిన చేపల వాసన.
మా ఇంట్లో ఎండుచేపలు కాల్చిన రోజు
ఇలాగే జుట్టుకి పట్టేది.
నేను నాలుగు మెట్లు ముందు దిగిపోయాను.
వెనక కర్ర చప్పుడు ఆగింది.
"తాలు" అంది ఎఫీ.

ళ రాలేదు.
తాలంటే మాకు గింజ పట్టని వడ్లు.
చెప్పొచ్చు, నాలుక మడిచి చూపించొచ్చు.

దిద్దలేదు.
పొగమంచులో, కింది మెట్టు మీద,
ఆమె వచ్చేదాకా నిలబడ్డాను