సొట్ట

ములుగు రోడ్డు మీద యాకూబ్ పాషా డెంటింగు షెడ్డు.
ఏమైందని అడగలేదు.
ట్రాలీ మూతి మీది సొట్టను బొటనవేలితో చదివి
"బ్రేకు టైముకే ఏసినవ్.
వెనకున్న మిర్చి బస్తాలకు ఎవలు చెప్పాలె, ఆగుమని?" అన్నడు.

ఎనుమాముల గేటు స్తంభం ఇంచు కూడ జరగలే.
ఆ ఉరుకుడంత యాడికి పోయిందో
ఈడ రేకు మడతల్ల దొరికింది.
కొంత చప్పుడై పోయింది.
కొంత నా మోకాల్ల ఉన్నది, మెట్లెక్కితె తెలుస్తది.

బయట ఇనుప దిమ్మె ఆనించి
లోపలి నుంచి చిన్నగ, చిన్నగ కొడుతున్నడు.
"గుద్దుడు రెప్పపాటు, బేటా.
వాపస్ తెచ్చుడుకే పొద్దుమూకుతది."

లప్పం. రంగు. ఎండ.
కండ్లు మూసుకొని అరచెయ్యి జరిపిండు.
ఒక్కకాడ ఆగింది చెయ్యి.
"ఉన్నది" అన్నడు.
పైసలు వంద తక్కువ తీసుకున్నడు.