పదహారు పేజీలు లేని పుస్తకం

జుబైల్‌ల, మా నీళ్ల ఫ్యాక్టరీల
రాత్రి డ్యూటీకి నాకు తోడు
అట్ట ఊడిన ఒక నవల.
వెల్డర్ పోశాలు ఊరికి పోతూ విడిచిపోయిండు,
సగం కారప్పొడి సీసతో పాటు.
ఆఖరి పదహారు పేజీలు లేవు.
ఎవరో ఖుబూస్ చుట్టుకున్నరేమో.

అందుల రాసి ఉన్నది:
పందొమ్మిది వందల తొంభై తొమ్మిది నాటికి
చంద్రుని మీద మూడు పట్నాలు,
అన్నం బదులు గోలీలు.
తొంభై తొమ్మిదిల నేను పదో తరగతి లెక్కలు తప్పిన.
చంద్రుడు అట్లనే ఉన్నడు.
గోలీలు మాత్రం నిజమైనయి,
బీపీకి ఒకటి, గ్యాసుకు ఒకటి.
రాసినాయన మీద నాకు కోపం లేదు,
మా సూపర్‌వైజర్ కుంజుమోన్
రేపటి ఉప్పు లెక్కే తప్పుతడు.

ఆ నవలల ఒక గ్రహం ఉంటది.
అక్కడ నీళ్లు దొరకవు, చేసుకోవాలె.
బయటికి పోతే తల నుంచి కాలు దాక తొడుగు.
పగటిపూట ఎవ్వరూ తిరుగరు.
గోడల మిషను ఆగితే ఊపిరాగుతది.
చదివి నవ్వుకున్న.
దీనికి రాకెట్ ఎందుకు?
బొంబాయి నుంచి నాలుగు గంటలు,
ఒక ఏజెంటు,
లక్షా ఇరవై వేల అప్పు.

కాలం గురించి కూడా ఒక అధ్యాయం.
అది నాకు కష్టం కాలే.
డ్యూటీకి పోయే ముందు, రాత్రి పదింటికి
అక్కకు ఫోన్ చేస్తే
అక్కడ పన్నెండున్నర, తారీఖు మారింది.
అక్క రేపట్ల ఉన్నది, నేనింకా నిన్నట్ల.
"రేపు ఎట్లున్నదే?" అంటే
"కరెంటు లేదురా, దోమలున్నయి" అన్నది.
భవిష్యత్తు గురించి నేను విన్నవాటిల
అచ్చం నిజమైంది అదొక్కటే.

నూట నలభై రెండో పేజీల
వేరే లోకపు జీవులు దిగుతున్నరు,
మా దగ్గర అలారం మోగింది.
సముద్రం లోపలికి వచ్చే కాడ జాలి మూసుకపోయింది.
పంపు దమ్ము పట్టినోని లెక్క గురగురమంటున్నది.
టార్చిలు, పారలు పట్టుకొని
నేను, గంగారాజం, ఢాకా పిల్లగాడు శఫీకుల్
ఉరికినం.

నిజంగనే వచ్చిండ్రు.
వేలకు వేలు.
మెదడు లేదు, గుండె లేదు, ఎముక లేదు,
అరిగి అరిగి మిగిలిన సబ్బుపొర లెక్క.
టార్చి వేస్తే లోపల నీలం గీతలు.
కుంజుమోన్ వీటిని జెల్లీ అంటడు.
నవలల సేనాపతి వాళ్లతోని
గణితంల మాట్లాడిండు.
మేం పారలతోని ఎత్తి తొట్లె పోసినం.
మాటలకు టైం లేదు,
తెల్లారితే ఊరంతా నల్లాలు తిప్పుతది.

గంగారాజం ఒకదాన్ని
గ్లౌజు మీద పట్టుకొని
దానిలోంచి తన వేళ్లు చూసుకున్నడు.
"నీ పుస్తకంల ఇది ఉన్నదా?"
లేదన్న.
"మరి ఆ ఆకాశం ఓడల
జాలి కడిగేటోడు ఎవడు?"

పొద్దుగాల్ల వెతికిన.
కెప్టెన్ ఉన్నడు, సైంటిస్టు ఉన్నడు,
సైంటిస్టు బిడ్డ ఉన్నది,
వీణ వాయించే మరమనిషి ఉన్నడు.
రెండు వందల ఎనిమిది పేజీలల
ఒక్కరు చీపురు పట్టలే.
పోయిన పదహారుల ఉన్నడేమో అన్న.
"ఉంటడు," అన్నడు గంగారాజం,
"గలీజు అంతా అయినంకనే గద పిలుస్తరు."

షిఫ్టు దిగే ముందు నీళ్ల పరీక్ష నా పని.
ఉప్పంతా తీసిన నీళ్లకు
ఏ రుచీ ఉండదు, ఏ ఊరివీ కావవి.
సున్నపురాయి మీది నుంచి నడిపిస్తే
అప్పుడు నాలుకకు నీళ్లని తెలుస్తది.
ఇది రసాయనం, కథ కాదు.
గ్లాసు ఎత్తి వెలుగుకు పట్టుకుంటే మాత్రం
ఏదో ఒక పేజీ లెక్కనే ఉంటది.

రిజిస్టర్ల రాసిన:
రాత్రి ఒకటీ పది. జాలి మూత. కారణం: జీవులు.
ముగ్గురు మనుషులు, నాలుగు గంటలు.
కుంజుమోన్ 'జీవులు' కొట్టేసి
'చెత్త' అని దిద్దిండు.

రూముల, ఏసీ కింద
శఫీకుల్ బూట్లు ఆరుతున్నయి.
"ఆ పదహారు నువ్వే రాయరాదు?"
దుప్పటిలోంచి గంగారాజం.
రాస్త గని, కడిగేటోని పేరేం పెట్టాలె?
"నాదే పెట్టు.
సక్కగ రాయి.
ఇఖామాల తప్పు పడ్డది."