పలుకు

తొమ్మిదో తరగతి బి సెక్షన్‌లో
స్లేట్ అని బోర్డు మీద రాసి అర్థం అడిగాను.
"పలక" అన్నారు నలభై మందీ,
మార్కాపురంలో అది కూడా అడగాలా అన్నట్టు.

నిజమే. ఈ ఊళ్లో అరుగులు పలకలు,
దొడ్డి గోడలు పలకలు,
మురిక్కాలవ మీద మూతలు కూడా పలకలే.

అయినా ఊరుకోలేదు,
రోజూ కంభం నుంచి రైల్లో మోసుకొచ్చే చదువంతా విప్పాను.
ఎన్నికల్లో అభ్యర్థుల జాబితానూ స్లేటే అంటారనీ,
అంగట్లో అప్పు రాయించుకుంటే స్లేటు మీద పెట్టడమనీ,
ఎవర్నన్నా దుమ్మెత్తిపోస్తే
ఇంగ్లండులో వాణ్ణి స్లేట్ చేశారంటారనీ,
అయిందేదో తుడిచేసుకుని మళ్లీ మొదలుపెడితే
క్లీన్ స్లేటనీ.

వెనక బెంచీలో మస్తాన్‌బీ లేచింది.
"అట్టా తుడిస్తే పోదు సార్.
దొండాకేసి రుద్దినా బొగ్గేసి రుద్దినా
ఎండకి ఏటవాలుగా పట్టి చూడండి,
నిన్నటి అ ఆలు అట్టనే ఉంటాయి."

ఆ రాత్రి నిఘంటువు తీశాను.
పాత ఫ్రెంచి నుంచి వచ్చిందట ఆ మాట:
చీలినది, పగిలి ఊడిన ముక్క.
రాయి పేరు కాదు, నలుపు పేరు కాదు,
దెబ్బ తగిలాక చేతికొచ్చినదాని పేరు.

ఎవరికన్నా చెప్పాలనిపించి
మస్తాన్‌బీ వాళ్ల నాయన దగ్గరికి పోయాను.
ఖాసిం పీరా నులకమంచం మీద ఒరిగి ఉన్నాడు.
ముప్పై ఏళ్లు గనిలో
రాతిని పొర పొరగా విప్పిన చెయ్యి
దుప్పటి అంచు కూడా మడవలేకపోతోంది.
అంతా విని నవ్వాడు.
"మేం దాన్ని పలుకంటాం సారూ.
ఉలి పెట్టి తడితే రాయి ఒక మాట అంటది.
ఆ మాట వినకుండా కొట్టావా,
పెచ్చులైపోద్ది."

పలుకు.
వక్క పలుకు, కర్పూరం పలుకు,
పాయసంలో జీడిపప్పు పలుకు,
చంటిదాని నోట తొలి పలుకు.
ముక్కకీ మాటకీ ఒకటే పేరు పెట్టుకున్న భాషలో పుట్టి
ఇరవై రెండేళ్లుగా
ఇంకెవరిదో నిఘంటువు తిరగేస్తున్నాను.

మేకుకి వేలాడుతున్న ఒంగోలు ఆస్పత్రి కవరు దించి
ఎక్స్‌రే బయటికి తీసింది మస్తాన్‌బీ.
కిటికీ వెలుగుకి పట్టింది, ఏటవాలుగా.
నల్ల పలక.
రెండు పక్కలా ఎవరో సుద్దతో మొదలుపెట్టి
పూర్తి చెయ్యని రాత.

"ఇందులో ఏం రాసుంది సార్?"

మంచం మీద దగ్గు లేచింది, పొర కింద పొర.
నేను పలకలేదు.