తవుడుకి కొన్న పేణం

నా పేరు తవిటినాయుడు.
నాకంటే ముందు ముగ్గురు పోనారని
మాయమ్మ నన్ను సేటలో ఏసి
పక్కింటి గవరమ్మకి గుప్పెడు తవుడుకి అమ్మీసి
మళ్లీ తెచ్చుకుంది.
సావుకి లెక్క తప్పాలని.

ఇప్పుడు విజీనారంలో, నెల్లిమర్ల రోడ్డు మీద
మందుల కాలేజీ ఎనకాల
ఎలకల గదిలో పని నాది.
పొద్దుటే గూళ్లలో ఊక మార్చాల,
నీళ్ల సీసాలు కడగాల,
ఏ నెంబరు ఎంత తిన్నాదో ఇందుమతి మేడమ్‌కి సెప్పాల.

పదిహేడో నెంబరుకి ఓ సెవి సిరిగుంటాది.
దాని గూట్లో సిన్న ఇనప మీట.
నొక్కితే గొట్టంలోంచి ఓ సుక్క దిగుతాది,
నిద్దర్ని తరిమీసే మందు.
మొదట్లో గంటకి నాలుగుసార్లు.
తర్వాత మేత మానీసింది.
ఆడఎలకని పక్కనెడితే తల తిప్పనేదు.
ఓ రేత్రి కూకుని లెక్కెట్టేను.
మూడొందల డెబ్బై.
ఆపీసింది అది కాదు, నానే.

మా తమ్ముడు అసిరిగాడు
రాయపూర్ లారీ మీద క్లీనరు, తర్వాత డ్రైవరు.
సాలూరు ఘాటీలో కన్నంటుకుంటే సావేనని
దాబా కాడ ఎవుడో ఇచ్చేడంట తెల్ల మాత్ర.
ఒకటి మింగితే రెండు రేత్రులూ పగలే.
ఇప్పుడు లారీ నేదు. లైసెన్సు నేదు.
మంచం మీద పడుంటాడు, నిద్దరోడు.
ఎప్పుడైనా కునుకు పడితే
ఎడంసెయ్యి గాల్లో గేరు మారుస్తాది.

మాఘంలో మారుమందు మొదలెట్టేరు.
"ఇదీ అలాంటిదే తవిటినాయుడూ, కానీ నెమ్మది.
పరిగెత్తించదు, నడిపిస్తుంది" అన్నారు మేడమ్.
దొంగకి దొంగనే కాపలా ఎట్టినట్టా అన్నాను.
నవ్వనేదావిడ. "అలాగే అనుకో" అని రాసుకున్నారు.

పదోనాటికి పదిహేడు మేత ముట్టింది.
నొక్కడం తగ్గింది. నూరు, అరవై, పన్నెండు.
పన్నెండు కాడ ఆగిపోనాది.
సుక్క రాదని తెలిసినా
మీట మీద కాలెట్టి ఊరికే ఉండీది,
ఊరొదిలీసినోళ్ల తలుపు తట్టినట్టు.

మనుషులికి ఎప్పుడొస్తాదమ్మా అని అడిగేను.
"చెప్పలేం. ఇంకా చాలా మెట్లున్నాయి.
మధ్యలోనే ఆగిపోవచ్చు కూడా."
అరలో సీసా. తాళంసెవి నా మొలతాడుకే.
మూడు రేత్రులు దాన్ని పట్టుకుని కూకున్నాను.
ఎలక్కైతే తూచి ఏస్తారు.
అసిరిగాణ్ణి ఎవుడు తూచేడు?
తియ్యనేదు.
మంచోణ్ణని కాదు. బయమేసి.

శుక్రవారంతో పని అయిపోనాది.
"ఇక మెదడు చూడాలి" అన్నారు.
పదిహేడుని నానే పట్టుకున్నాను.
కరవనేదు.
నా బొటనేలు మీద కాలెట్టి
ఒక్కపాలి నొక్కింది.

మేడమ్ బల్ల మీద గుప్పెడు తవుడెట్టేను.
"ఏమిటిది?"
దీని కరీదండి.
ఆవిడది బొబ్బిలి. నా పేరు ఎలాగొచ్చిందో ఎరుగుదురు.
సాలాసేపు తవుడుకేసి సూసేరు.
తర్వాత గ్లౌజులు తొడుక్కున్నారు.

ఇంటికెల్లేసరికి అసిరిగాడు లేచి కూకున్నాడు.
"ఎలక బాగుందేటి?" అన్నాడు.
రోజూ అడుగుతాడు.
మేత తింటన్నాదిరా అన్నాను.
కంచం దగ్గిరికి లాక్కున్నాడు.