బుధవారం రాళ్ళు

బుధవారాలు మా మ్యూజియంలో జనం తెచ్చిన రాళ్ళు చూస్తాం.
ఓస్త్రావా ట్రామ్ దిగి జ్దెనేక్ ముసలాయన
పసిపిల్ల దుప్పట్లో చుట్టి తెచ్చాడు.
"క్యాబేజీ మడిలో పడింది. చప్పుడు నేను విన్నాను."

అయస్కాంతం అంటీ అంటనట్టు ఊగింది.
రంపం పెడితే
పులిసిన రొట్టెలా లోపలంతా బుడగలు.
"పైనుంచి రాలేవాటికి ఇవి ఉండవండీ.
ఇది కొలిమి చిట్టెం."

కోపం తెచ్చుకోలేదు.
కోసిన ముఖాన్ని బొటనవేలితో తడిమాడు.
"అయితే నేను పారబోసిందే కావచ్చు.
రాత్రిళ్ళు గుట్ట మీద గంగాళం వంచితే
పక్క ఊరిదాకా ఆకాశం ఎర్రబడేది,
మా ఆవిడ ఆ వెలుగులో బట్టలారేసేది."

రిజిస్టర్లో 'కాదు' అని రాశాను.
రెండు ముక్కలూ దుప్పట్లో సర్దుకుని
తలుపు దగ్గర ఆగాడు.

"మరి ఆ చప్పుడు?"