మొదట లేచేవి

క్లాక్స్‌విక్ రేవులో చేపల వేలం ఆఫీసు.
కిటికీ అవతల వాన అడ్డంగా కురుస్తోంది,
ఈ దీవుల్లో వానకి నిటారుగా కురవడం రాదు.
తెల్లారి ఐదింటికి మొదటి పడవ.
ఈలోగా పాత పెట్టెకి కొత్త సిస్టమ్ ఎక్కించాలి.

ఎవరి కాడ్ చేప ఎంత తూగింది, ఎవరికెంత బాకీ,
ఆ లెక్కలన్నీ సున్వా నిన్ననే దాచేసింది.
ఇప్పుడు పెన్‌డ్రైవ్ గుచ్చింది వేరేవాటి కోసం.
గుప్పెడు ఫైళ్లు.
వాటికి చేప తెలీదు, ధర తెలీదు.
చీకట్లో ముందుగా కళ్లు తెరిచి
పక్కవాణ్ణి తట్టి లేపడం,
అదొక్కటే తెలుసు.

కాపీ అవుతుంటే ఊరుకోలేక ఒకటి తెరిచింది.
నలభై వరుసలు. మధ్యలో,
యంత్రం చదవకుండా దాటేసే చోట
మనిషి మాట:
"దీన్ని కదపకు. మూడు రాత్రులు పట్టింది. హైని."

హైని ఎవరు?
తనకి ముందు ఈ కుర్చీలో కూర్చున్నవాడు కాబోలు.
కుర్చీ ఇంకా ఎడమకే వాలుతుంది.

ఆ వరుస కింద ఇంకో వరుస రాసి
మళ్లీ మొదటినుంచి నకలు తీసింది:
"కదుపుతున్నాను. నీది దాచాను. సున్వా."

పెన్‌డ్రైవ్ పీకి రెయిన్‌కోటు లోజేబులో వేసుకుంది,
పెట్టెకి దూరంగా, ఒంటికి దగ్గరగా.
అప్పుడు నొక్కింది.

తెర నల్లబడింది.
కింద రేవులో ఎవరో
చల్లబడ్డ ఇంజను తాడు లాగుతున్నారు.
ఒకసారి.
ఇంకోసారి.
ఇంకా అందుకోలేదు.