తెలుపంటే ఎత్తు

ట్విలింగేట్‌లో మంచు కురవడం ఇది మూడోరోజు.
గరాజ్‌లో ఒక బర్చ్ పలక,
పడవల చీలికలు పూడ్చి పూడ్చి మొద్దుబారిన నా చేతులు,
వాటికింద చిన్న మౌస్.

తెలుపంటే ఎత్తు, నలుపంటే లోతు.
సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన అక్షరాలు ఈ రెండే.
ఎల్ఫ్రీడా ఫోటో ఇచ్చాను.
కంట్లోని మెరుపుచుక్క సూదిలా పైకి లేచింది,
నల్లటి జుట్టు బావిలా దిగిపోయింది,
ముక్కు నీడ పడ్డచోట గొయ్యి.

లైబ్రరీలో నేర్పే టెస్సా నవ్వింది.
"వెలుగును నమ్మకు, సెల్బీ.
ముక్కెక్కడుందో దానికి నువ్వే చెప్పాలి."

చెప్పడం మొదలెట్టాను.
చెంప ఇక్కడ నిండుగా. కాదు, ఇంకాస్త తక్కువ.
పై పెదవి...
నలభైయొక్క ఏళ్లు చూసిన పెదవి
ఎన్ని మిల్లీమీటర్లో తెలియలేదు.
కళ్లు మూసుకుని గాలిలో తడిమి
బొటనవేలు ఆగినచోట అంకె వేశాను.

ఆరు గంటలు తిరిగింది బిట్టు.
నా కనుబొమల నిండా పొట్టు.
ఊది చూస్తే
ఫోటోలా లేదు.
పొద్దున్నే స్టవ్ దగ్గర, నా బూట్ల బురద చూసి
మూతి ఒక పక్కకు తిప్పినప్పటిలా ఉంది.

ఉప్పుకాగితం చేతిలోకి తీసుకున్నాను,
మళ్లీ పెట్టేశాను.
ఆ మూతి మీద గరుకు ఉండనీ.